చూపు నిలిచే చోటు

ముప్ఫై సంవత్సరాలు ప్రభుత్వ ప్రచార విభాగంలో బొమ్మలు వేసి జీతం తీసుకున్నాను. అయినా చిత్రకారుడినని చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ సంకోచమే. ప్రదర్శనశాలలో పెట్టదగిన చిత్రం ఒక్కటీ వేయలేదు. నావన్నీ గోడలకు అంటించినవి; ఎండకు వెలిసి, వానకు తడిసి, చివరికి మరొకరి పోస్టరు కింద మరుగునపడినవి. బొమ్మ మనిషి చూపును తనవైపు ఎలా తిప్పుకుంటుందన్న విషయంలో నాకు కలిగిన కాస్త జ్ఞానమూ ఆ గోడల దగ్గర కలిగినదే. అందులో మొదటి పాఠం 1986 వేసవిలో, అప్పటి వరంగల్లు జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో జరిగింది.

అతిసారం ప్రబలే రోజులవి. నేను తయారుచేసిన పోస్టర్ల కట్టలు జీపులో వేసుకుని ఊరూరా పంచుతున్నాము. మేము వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఒడిలో ఏడాదిన్నర బిడ్డ. కళ్ళు గుంటలు పడ్డాయి, పెదవులు పిడచకట్టాయి, ఏడ్చే ఓపిక కూడా ఆ బిడ్డకు లేదు. వైద్యుడు మరో ఊరికి వెళ్ళాడట. నర్సమ్మ లోపల కాన్పు పనిలో ఉంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే నిన్నటినుంచి అన్నది తల్లి. నీళ్ళు పట్టావా అని అడిగితే, పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని అత్త మాన్పించిందని చెప్పింది.

ఆమె తలకు సరిగ్గా పైన, గోడ మీద, నా పోస్టరు ఉంది. ఆ నెల మొదట్లోనే తపాలాలో పంపినది. విరేచనాలయ్యే బిడ్డకు నీళ్ళు మాన్పరాదనీ, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలనీ అందులో ఉంది. చదువురాని వారి కోసం బొమ్మ కూడా ఉంది. ఆమె వీపు గోడకు ఆనించి కూర్చుంది కాబట్టి చూడలేదనుకుందాము. ఎదుటి బల్ల మీద పొద్దుటినుంచి ఐదారుగురు కూర్చుని ఉన్నారు. వారి ముఖాలు తిన్నగా ఆ పోస్టరు వైపే ఉన్నాయి. వారిలో ఒక్కరూ ఆమెతో ఆ మాట అనలేదు. ఆ గోడ మీద ఏముందని నేను అడిగితే, ఒకాయన తల ఎత్తి, ఏదో సర్కారు కాగితమని చెప్పాడు.

నర్సమ్మను పిలిచి, నీళ్ళు కలిపించి, చెంచాతో పట్టించడం మొదలుపెట్టాము. మా జీపులోనే తల్లినీ బిడ్డనూ వరంగల్లు పెద్దాసుపత్రికి పంపించాము. బయలుదేరే ముందు నేను చేయగలిగింది ఒక్కటే కనిపించింది. ఆ తల్లి కూర్చున్న బల్లను ఎత్తి ఎదుటి బల్ల పక్కన వేయించాను, ఇకమీద కూర్చునేవారి ముఖం పోస్టరు వైపు ఉండేట్టు. ఆ బిడ్డ సంగతి తరువాత వాకబు చేసే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

ఆ పోస్టరును ఇక్కడ కొంచెం వర్ణించాలి. పైన అర్ధచంద్రాకారంలో నినాదం, దాని కింద శాఖ చిహ్నం, ఇరువైపులా ఇద్దరు ప్రముఖుల సందేశాలు, నడుమ ఐదు గళ్ళలో ఐదు బొమ్మలు, నాలుగు మూలలా పూలగుత్తులు. రంగులు ఆరు. మొత్తం మీద పదకొండు ముఖాలున్నాయి, అన్నీ బొటనవేలంతవి. బిడ్డకు నీళ్ళు పట్టే తల్లి మూడవ గడిలో ఉంది. కార్యాలయంలో దానిని చూసిన వారందరూ మెచ్చుకున్నారు. చేతిలోకి తీసుకుని, బల్ల మీద పరచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మెచ్చుకున్నారు. అది గోడ మీద, పది అడుగుల దూరాన ఎలా ఉంటుందో చూసినవారు లేరు. నేనూ చూడలేదు.

వారం తరువాత, ఎవరికీ చెప్పకుండా, జనగామ బస్టాండులో ఒక పూటంతా నిలబడ్డాను. అక్కడి గోడకు నా పోస్టరు ఒకటి, దాని పక్కన ఒక సినిమా పోస్టరు ఉన్నాయి. బస్సు దిగినవారు, ఎక్కేవారు, గోడ నీడన సోడా తాగేవారు, అందరి చూపూ సినిమా పోస్టరు మీద పడి, కాసేపు నిలిచి, నా పోస్టరు మీదుగా జారి, పక్కనున్న బస్సు బోర్డు మీద వాలింది. నా కృషిని దగ్గరగా వచ్చి పరిశీలించింది ఒక్క మేక. దానికి కావలసింది మైదా జిగురు.

సినిమా పోస్టరులో ఏముంది? రెండు ముఖాలు, ఒక ఎర్రని మచ్చ, పేరు. అంతే. అది నాకు కొత్త విద్య కాదు. చిన్నతనంలో బెజవాడలో బ్యానర్లు రాసేవారి కొట్టు ముందు గంటల కొద్దీ నిలబడేవాడిని. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కొక్క గడినే పెంచుకుంటూ పోయేవారు. బట్టలూ చెట్లూ కుర్రవాళ్ళు నింపేవారు. కళ్ళు మాత్రం మేస్త్రీ వచ్చి వేయాలి, అదీ ఆఖరున. విగ్రహానికి కళ్ళు తెరిచే నేత్రోన్మీలనం కూడా శిల్పి చివర చేసే పనే కదా. బొమ్మలో ముఖముంటే మన చూపు మొదట ఆ ముఖంలోని కళ్ళను వెతుక్కుంటుంది. అవి మనవైపు చూస్తుంటే అక్కడే ఆగుతుంది, పక్కకు చూస్తుంటే తానూ అటే పోతుంది. నా పోస్టరులోని పదకొండు ముఖాలు పదకొండు దిక్కులు చూస్తున్నాయి. ఇక రంగుల సంగతి. సంతలో అందరూ ఒక్కసారి అరిస్తే ఎవరి బేరమూ వినపడదు. ఆరు రంగులూ సమానంగా మెరుస్తుంటే ఏ రంగూ కనపడదు.

ఈ తప్పు నేను అజ్ఞానంతో చేసి ఉంటే క్షమార్హమే. కాని నేను శాస్త్రం చదివి చేశాను. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్ర భాగం ప్రేక్షకులను నాలుగు రకాలుగా విభజించింది. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారట, విచక్షణులు వర్తనను, అనగా వెలుగునీడల పోషణను. స్త్రీలకు కావలసినవి ఆభరణాలు, తక్కిన జనానికి రంగుల సమృద్ధి. నా పోస్టర్లు చూసేవారు ఆ తక్కిన జనమేనని నేను నిశ్చయించుకుని రంగులు కుమ్మరించాను, స్త్రీల కోసం మూలల్లో పూలు పెట్టాను.

నా పొరపాటును సవరించింది ఒక ముసలమ్మ. సంచి కింద పెట్టి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పోస్టరును చాలాసేపు చూసింది. నా మనసు పొంగింది. దగ్గరగా వెళ్ళి, ఎలా ఉంది అవ్వా అని అడిగాను.

“మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇందుల ఏది సూడాలె?”

“అన్నీ చూడాలవ్వా.”

“అన్ని సూసుటానికి నేనేమన్న జాతరకొచ్చిన్నా?” అని సంచి ఎత్తుకుని బస్సెక్కింది.

జనగామ నుంచి చేర్యాల దూరం కాదు. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది, అప్పుడు వరంగల్లులోనే ఉండేది. అక్కడి నకాషీలు వేసే కథాపటాల పేరు విన్నానే గాని, వాటిని కథతో పాటు చూసింది లేదు. ఆ నెలలోనే దగ్గర పల్లెలో పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతున్నారని తెలిసి వెళ్ళాను. పటం అంటే మూడడుగుల వెడల్పు, గజాల కొద్దీ పొడవున్న ఖాదీ గుడ్డ. చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి దానిని సిద్ధం చేస్తారు. నేల అంతా ఇంగిలీకపు ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు, నీలం, ఆకుపచ్చ మనుషులు. ఇన్ని రంగులు వాడినా నా పోస్టరు లాగా ఇది ఎందుకు చెదిరిపోలేదన్న సందేహం పెట్రోమాక్సు వెలుతురులో కూర్చున్న కాసేపటికే తీరింది. నేల ఒక్కటే. ఎరుపు వెనక్కు తగ్గి అందరినీ మోస్తున్నది, అందుకే మనుషులు ముందుకు వస్తున్నారు. ముఖాలు చాలావరకు పక్కకు తిరిగినవే. ఒకరి చూపు రెండవవారి మీద, రెండవవారి చూపు మూడవవారి మీద. మన కన్ను ఆ చూపుల వెంట నడుస్తుంది. ఒక ఘట్టం ముగిసిన చోట అడ్డంగా పూలపట్టీ వస్తుంది. నేను పూలను మూలల్లో అలంకారానికి పెట్టాను. వారు కన్ను కాసేపు ఆగి ఊపిరి పీల్చుకోవడానికి పెట్టారు.

అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది పటాన్ని విప్పే పద్ధతి. కథ ఎంతవరకు వచ్చిందో అంతవరకే విప్పుతున్నాడు. చేతిలోని పుల్లతో ఒక్కొక్క బొమ్మను ముట్టి చూపుతున్నాడు. మిగిలినదంతా చుట్టలో ఉండిపోతున్నది. తెల్లవారిన తరువాత చాయ్ తాగుతూ, ఇంత గొప్ప పటాన్ని ఒక్కసారిగా విప్పి చూపకూడదా అని ఆయనను అడిగాను. “అంత ఒక్కసారి ఇప్పితె నా నోటికేం పని సారూ? జనం ముందుకెనుక సూస్కుంట కూసుంటరు. కత ఎవలు ఇంటరు?” అన్నాడు. చూపును రప్పించడం ఒక ఎత్తు. ఇప్పుడు అక్కరలేనిదానిని చూపుకు అందకుండా దాచడం మరొక ఎత్తు. మా కార్యాలయాలలో ఈ రెండవ విద్యకు ఆదరణ తక్కువ.

ఆ ఏడాదే అచ్చు పని మీద మద్రాసు, ఇప్పటి చెన్నై, వెళ్ళినప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు ఒక మధ్యాహ్నం గడిపాను. అంతకు ముందు కూడా వాటిని చూశాను, భక్తితో చూశాను. ఈసారి అవసరంతో చూశాను. నలగిరి ఏనుగు కథను చెక్కిన గుండ్రని ఫలకం చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదించి మనుషులను విసిరేస్తూ, మరో పక్క బుద్ధుని ముందు మోకరిల్లి. మేడ కిటికీల లోంచి జనం చూస్తున్నారు. భయంతో కిక్కిరిసిన పక్కనుంచి మన కన్ను తనంతట తానే అణకువ ఉన్న పక్కకు జారుతుంది. చెప్పవలసిన కథంతా ఆ జారుడులోనే ఉంది.

అయితే నేను ఎక్కువసేపు నిలబడింది మరో రకపు ఫలకాల ముందు. వాటిలో బుద్ధుడు లేడు. ఒక సింహాసనం, దాని ముందు పాదముద్రలు. చుట్టూ స్త్రీలు, పురుషులు వంగి, చేతులు జోడించి అటే చూస్తున్నారు. మోచేతుల రేఖలు, వీపుల వంపులు, చూపులు అన్నీ అక్కడికే చేరుతున్నాయి. చేరిన చోట ఎవరూ లేరు. నేను ఆ ఖాళీ నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. బుద్ధుని ఆకారాన్ని చెక్కకపోవడానికి కారణాలేమిటని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు, ఆ వాదంలోకి దిగే అర్హత నాకు లేదు. రాయి మీద అడుగు చోటు కూడా వృథా చేయని ఆ శిల్పులు అన్నిటికంటె ముఖ్యమైన చోటును ఖాళీగా వదిలారన్నది మాత్రం నా కంటికి కనిపించిన సంగతి.

తిరిగి వచ్చి కొత్త పోస్టరు గీశాను. కాగితమంతా ఒకే ఇటుకరంగు నేల. ఒక పక్కన తల్లి ముఖం, కిందికి వాలిన చూపు. ఒడిలో బిడ్డ, ఆ బిడ్డ చూపు చెంచా మీద. చెంచా కాగితానికి ఇంచుమించు నడుమ. దాని చుట్టూ జానెడు మేర ఏమీ లేదు. అడుగున మూడే గుర్తులు: నీటి పాత్ర, 6 చెంచాలు, సగం చెంచా. ఒకే ఒక్క వాక్యం.

దస్త్రం పైకి వెళ్ళి, పక్షం రోజులకు తిరిగి వచ్చింది. డబ్బు పెట్టి కొన్న కాగితంలో ఇంత భాగం వాడకుండా వదిలివేయడానికి కారణం తెలపాలన్నారు. శాఖ చిహ్నం ఎక్కడ అని ఒకరు, సందేశాలు ఎందుకు తీసివేయబడ్డాయని మరొకరు రాశారు. వారిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. పాత పోస్టరు గీసినప్పుడు నా బుద్ధి కూడా అదే. కాగితం మీద ఉన్నదంతా చూసేవాడి బుర్రలోకి చేరుతుందని దస్త్రం రాసేవారి నమ్మకం. పైగా ఆ దస్త్రాన్ని పొద్దుటినుంచి సాయంత్రం దాకా చదవడమే వారి ఉద్యోగం. బస్సు కోసం పరుగెత్తే మనిషి వారికి గుర్తుకు రాడు.

సమాధానంలో నేను రెండు పూర్వ దృష్టాంతాలు చూపాను. మొదటిది 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలు. ప్రతి అభ్యర్థికీ వేరువేరు పెట్టెలు, పెట్టెల మీద గుర్తులు: కాడెద్దులు, కంకి కొడవలి, దీపం. అక్షరం తెలియని కోట్లాది ప్రజలు ఆ చిన్న గీతల ఆధారంతో ఒక దేశాన్ని నడిపించే నిర్ణయం చేశారు. రెండవది కుటుంబ నియంత్రణ వారి ఎర్ర త్రికోణం. 1960ల చివర కేంద్ర ప్రభుత్వంలో పనిచేసిన దీప్ త్యాగి అనే అధికారి పేరుతో ముడిపడిన గుర్తు అది. తలకిందులుగా నిలిపిన త్రికోణం మొన మీద నిలబడినట్టు ఉంటుంది. పడిపోతుందేమో అన్నట్టున్న ఆకారాన్ని కన్ను వదలదు. పక్కన నాలుగు ముఖాలు, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. దేశంలో దానిని గుర్తుపట్టని ఊరు ఉండేది కాదు.

దస్త్రంలో రాయని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ త్రికోణాన్ని నేనే ఎన్నో గోడల మీద అచ్చు పెట్టి రాశాను. 1974లో నేను రాస్తుంటే పిల్లలు చుట్టూ మూగేవారు, డబ్బా పట్టుకుంటామని పోట్లాడుకునేవారు. 1976లో నేను ఎర్ర రంగు డబ్బా దింపేసరికి చాయ్ కొట్టులోని మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం చూశాను. అత్యవసర పరిస్థితి కాలంలో ఉత్తరాదిన జరిగిన బలవంతపు శస్త్రచికిత్సల కబుర్లు ఇక్కడిదాకా వచ్చాయి. త్రికోణంలో ఒక్క గీత మారలేదు, రంగు మారలేదు. అంతకు ముందుకంటె ఎక్కువగానే కంటికి తగులుతున్నది. జనం చూసి, తల తిప్పుకుంటున్నారు. 1977లో శాఖ పేరులోని నియంత్రణ పోయి సంక్షేమం వచ్చింది. గుర్తు మాత్రం అలాగే ఉంది. చూపును లాగడం వరకే రూపకర్త చేతిలో ఉన్నది. ఆ చూపు వెనక ఏమి మేల్కొంటుందో దానికి జవాబుదారీ వేరొకచోట ఉంది. ఆ మాట మాత్రం నేను ఏ దస్త్రంలోనూ రాయలేకపోయాను.

చివరికి రాజీ కుదిరింది. శాఖ చిహ్నం అడుగున, రూపాయి బిళ్ళంత. సందేశాలు లేవు. చెంచా చుట్టూ ఖాళీ మిగిలింది. ఈ సంప్రదింపులకు నాలుగు నెలలు పట్టింది. ఆ లోపల వానాకాలం వచ్చి వెళ్ళింది, దానితో పాటు ఆ ఏటి అతిసారమూ. పోస్టరు 1987 వేసవికి అచ్చయింది.

మళ్ళీ జనగామ బస్టాండుకు వెళ్ళాను. ఈసారి కొందరు ఆగారు. తల్లి భుజం మీద ఉన్న ఒక పిల్ల చెయ్యి చాచి చెంచాను చూపింది. తల్లి వెనక్కు తిరిగి చూసి, పక్కనున్న ఆడబిడ్డను, “పాలు పోస్తున్నదేమో” అన్నది. నా గుండె జారింది. ఇటుకరంగు మీద తేటగా కనిపించాలని చెంచాలోని నీటిని తెల్లగా వేశాను. అందరూ చూశారు, చూసి తప్పుగా తెలుసుకున్నారు. రెండవ ముద్రణలో చెంచా పక్కన కుండ, గ్లాసు చేర్చి, నీటికి సన్నని నీలం ఇచ్చాను. ఖాళీ కొంత తగ్గింది. తగ్గక తప్పలేదు.

ఇదే పనిని మన పొరుగున మరో దారిలో చేశారని తరువాత తెలిసింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్‌లో, సెలైను సీసాలు అయిపోయినప్పుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి ఎందరినో బతికించిన వైద్యుడు దిలీప్ మహలనోబిస్. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. స్వతంత్రమైన బంగ్లాదేశ్‌లో 1980 నుంచి బ్రాక్ సంస్థ కార్యకర్తలైన స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి, తల్లుల చేతనే ఆ నీటిని కలిపించారు. మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అర శేరు నీళ్ళు. కొలత చేతిలోనే ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది. గోడ అవసరం లేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు కొంచెం అసూయ కలిగింది. నా చెంచా కంటె ఆ పిడికిలి మంచి బొమ్మ.

2004లో పదవీ విరమణకు ముందు, పని కల్పించుకుని ఆ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. కొత్త నర్సమ్మ ఉంది, నన్ను ఎరగదు. వరండాకు కొత్తగా సున్నం వేశారు. నా మొదటి పోస్టరు గాని, రెండవది గాని ఆ గోడ మీద లేవు. మేకుల గుంటలు కూడా పూడిపోయాయి. నేను ఆనాడు జరిపించిన బల్ల మాత్రం జరిపించిన చోటనే ఉంది. దాని మీద ఇద్దరు తల్లులు బిడ్డలతో కూర్చుని, ఎదుటి తెల్లగోడను చూస్తున్నారు.